షటిల్ ఫొటోల నిండా చారలు, పైగా ఎవరూ కొనట్లేదు. ఎవరైనా చూడండి ప్లీజ్

చారలబాధితుడు
రాత్రి తొమ్మిదింటి నుంచి లైట్‌రూమ్ (ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్) ముందే కూర్చున్నా. ఇప్పుడు రెండున్నర. జిల్లా స్థాయి అండర్-13, అండర్-15 షటిల్ పోటీలు రెండు రోజులు తీశాను, మొత్తం 1,400 ఫొటోలు. దాదాపు అన్నిట్లోనూ అడ్డంగా చారలే. ఒక చార పసుపు, పక్కది నీలం, మధ్యలో మసక. పిల్లాడి మొహం పసుపు, చొక్కా నీలం. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సర్దేది) ఇటు జరిపితే అటు పాడవుతోంది. ఐఎస్ఓ 6400, ఎఫ్2.8, షటర్ వేగం సెకనులో 1/1000 వంతు. సెన్సర్ పోయిందా? సర్వీస్ సెంటర్‌కి పంపాలా?

ఇంకో సంగతి. 130 మంది పిల్లలు ఆడితే 11 మంది తల్లిదండ్రులే కొన్నారు. ఫొటో 150 రూపాయలే. వాటర్‌మార్కు వేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రేటు ఎక్కువా? ఎలా అమ్ముతారు ఇవి?

బెజవాడ లెన్స్
సెన్సర్ బంగారంలా ఉంది. సైలెంట్ షటర్ ఆపు.

చారలబాధితుడు
అన్నా, నేను ఏ కెమెరానో కూడా చెప్పలేదు. సైలెంట్‌లో పెట్టానని ఎలా తెలిసింది? సోనీ ఏ7 త్రీ. క్లిక్ శబ్దానికి అంపైర్ విసుక్కున్నారు, అందుకే పెట్టాల్సొచ్చింది.

బెజవాడ లెన్స్
చారలే చెప్పాయి.

న్యూజెర్సీ నుంచి
షటర్ 1/125 పెట్టండి బ్రో, చారలు పోతాయి. ఇక్కడ స్కూల్ జిమ్‌లలో అందరూ అదే వాడతారు.

పాతరీలు
న్యూజెర్సీ గారూ, అది మీ ఊరి లెక్క. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, లైటు సెకనుకు దానికి రెట్టింపు, 120 సార్లు మినుకుతుంది, అందుకే 1/125 దగ్గర సరిపోతుంది. మన దగ్గర 50 హెర్ట్జ్. అంటే 100 సార్లు. ఇక్కడ పెట్టాల్సింది 1/100 లేదా 1/50. అయినా 1/100లో స్మాష్ తీస్తే రాకెట్టూ చెయ్యీ కలిసి దూదిపింజ అవుతాయి, కాబట్టి అది మందు కాదు.

బాధితుడు తమ్ముడూ, మూడు సంగతులు చెప్పు. ఒక ఫొటోలో చారలు ఎన్ని జతలు ఉన్నాయి? బహుమతుల ఫొటోల్లోనూ ఉన్నాయా? హాల్లో లైట్లు ఏ రకం?

చారలబాధితుడు
జతలు ఐదారు. బహుమతుల ఫొటోల్లో లేవు! అవి 1/100లో తీశాను. లైట్లు పైన పెద్ద గిన్నెల్లా ఉన్నాయి. రకం తెలీదు. మధ్యలో కరెంటు పోయి వచ్చాక అవి మళ్లీ వెలగడానికి పది నిమిషాలు ఆగాల్సొచ్చింది, ఆట కూడా ఆపేశారు. దీనికీ దానికీ సంబంధం ఏంటి?

పాతరీలు
సంబంధం అంతా అక్కడే ఉంది. ఆరిపోయాక చల్లారితే గానీ మళ్లీ అంటుకోనిది మెటల్ హాలైడ్ దీపం. ఎల్ఈడీ అయితే కరెంటు రాగానే వెలిగేది. పాత చోకుతో నడిచే మెటల్ హాలైడ్‌కి వెలుగొక్కటే కాదు, రంగు కూడా ప్రతి మినుకులో మారుతుంది. నీ పసుపూ నీలమూ అవే.

ఇప్పుడు చారల లెక్క. సైలెంట్‌లో షటర్ తెర కదలదు, సెన్సర్ మీద గీతలు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి చదవబడతాయి. ఒక మినుకు 10 మిల్లీసెకన్లు. ఆరు జతలు వచ్చాయంటే చదవడానికి దాదాపు 60 మిల్లీసెకన్లు పట్టిందన్నమాట. ఆ వ్యవధిలో లైటు ఆరుసార్లు పెరిగి తగ్గింది. నువ్వు 1/1000 పెట్టావు కాబట్టి ఒక్కో గీతకూ మినుకులో పదోవంతే అందింది. 1/100లో ప్రతి గీతకూ పూర్తి మినుకు అందింది, అందుకే బహుమతుల ఫొటోలు శుభ్రంగా వచ్చాయి.

చెయ్యాల్సింది: సైలెంట్ షూటింగ్ ఆఫ్, మెకానికల్ షటర్, మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్. అప్పుడు కెమెరా మినుకు శిఖరం మీద ఉన్నప్పుడే తెర వదులుతుంది. వరసగా ఫొటోలు తీసే (బర్స్ట్) వేగం కాస్త తగ్గుతుంది, బటన్ నొక్కాక వెంట్రుకవాసి ఆలస్యం కూడా తెలుస్తుంది. సైలెంట్‌లో యాంటీ ఫ్లికర్ పనిచేయదు, ఆ రెండూ ఒకేసారి కోరుకోకు.

తేటతెలుగు
పాతరీలు గారు చక్కగా చెప్పారు గానీ, పైన ఒకరు పెట్టిన శీర్షికలో "చారలు" అన్నారు, వేరే పోస్టుల్లో దీన్నే "బ్యాండింగ్" అంటున్నారు. బ్యాండింగ్ అంటే ఆకాశం ఫొటోలో నీలం మెట్లుమెట్లుగా విడిపోవడం. అది రంగుల లోతు చాలక వచ్చేది. ఇది మినుకు వల్ల వచ్చేది. రెండింటికీ ఒకే పేరు పెడితే వెతికేవాడికి తప్పు మందు దొరుకుతుంది.

బెజవాడ లెన్స్
కెమెరా కంపెనీల వాళ్లే దీన్ని బ్యాండింగ్ అని రాస్తారు.

తేటతెలుగు
రాస్తే రాయనివ్వండి. మనకి "మినుకు చారలు" అనే మాట ఉండగా ఎందుకు?

బెజవాడ లెన్స్
ఉందా, ఇప్పుడు పుట్టిందా?

షటిల్ నాన్న
ఆ గొడవ పక్కన పెట్టండి. బాధితుడు గారూ, అంపైర్‌కి శబ్దం కాదు ఇబ్బంది, చోటు. సర్వీస్ లైన్ పక్కన, అంపైర్ కుర్చీకి దగ్గరగా కూర్చుంటే ఏ క్లిక్ అయినా వినిపిస్తుంది. బేస్‌లైన్ వెనక, మూలకి, నేల మీద కూర్చోండి. అవతలి వైపు పిల్లాడి మొహం నేరుగా మీ వైపే ఉంటుంది. ఒక గేమ్ అయ్యాక ఎలాగూ వైపులు మారతారు, కాబట్టి మీరు కదలకుండానే మొదటి గేమ్‌లో ఒకరు, రెండో గేమ్‌లో ఇంకొకరు దొరుకుతారు. ఫ్లాష్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

తల్లిదండ్రులు స్మాష్ కొంటారనుకుంటారు అందరూ. కొనరు. స్మాష్‌లో సగం ఫొటోలకి చెయ్యి మొహానికి అడ్డం వస్తుంది. కొనేవి ఇవి: సర్వీస్ ముందు షటిల్ వేళ్లతో పట్టుకుని చూసే చూపు, పాయింట్ గెలిచి పిడికిలి బిగించిన క్షణం, నెట్ దగ్గర కింద పడబోయే షటిల్‌ని తీసిన సాగుడు, చివర్లో చేతులు కలపడం. మొదటిదీ చివరిదీ నిలకడ క్షణాలు, 1/100 చాలు, చారల బెడదే ఉండదు. కళ్లు మూసుకున్నవి, వీపు మాత్రమే కనిపించేవి అసలు చూపించకండి. 40 ఫొటోలు చూపిస్తే ఒకటీ కొనరు, 8 చూపిస్తే అన్నీ అడుగుతారు.

అమలాపురం వేగం
1/1000 కూడా చాలదు అన్నా. మా ఊరి షటిల్ ఆటగాడు సాత్విక్ స్మాష్ గిన్నిస్‌లో గంటకు 565 కిలోమీటర్లు. 1/1000లో షటిల్ 15 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది.

షటిల్ నాన్న
అది ఫ్యాక్టరీలో షటిల్ రాకెట్‌ని వదిలిన తొలి క్షణం కొలిచిన వేగం తమ్ముడూ. ఇక్కడ ఆడేది పన్నెండేళ్ల పిల్లలు. షటిల్ కాస్త సాగినట్టు ఉంటేనే ఫొటోకి ఊపు. మొహం నిలబడితే చాలు, దానికి 1/800 సరిపోతుంది.

చారలబాధితుడు
మరి తీసినవి? 1,400 ఎలా బాగుచేయాలి? ఒకదానికి మాస్క్ (ఫొటోలో కొంత భాగాన్నే సరిదిద్దే పొర) వేసి, అదే మార్పు అన్నిటికీ సింక్ కొట్టొచ్చా?

పాతరీలు
కుదరదు. ప్రతి ఫ్రేములోనూ చారలు వేరే చోట పడతాయి. ఒక్కోదానికి ఐదారు లీనియర్ మాస్కులు, ఒక్కో మాస్కుకి వెలుగు వేరు, రంగు వేరు. అది నెల పని.

ముందు బ్లాక్ అండ్ వైట్ చెయ్యి. రంగు తేడా మాయమై మసక తేడా ఒక్కటే మిగులుతుంది, దాన్ని రెండు మూడు మాస్కులతో సర్దొచ్చు. సెమీస్, ఫైనల్స్‌లో మొహం మొత్తం ఒకే చారలో పడ్డవి ఏరుకో, 60, 70 దొరకొచ్చు. క్రాప్ చేసి చారని తప్పించుకుందామనుకోకు. నీ ఫొటో ఎత్తు 4,000 పిక్సెల్స్, ఆరు జతలంటే ఒక్కో జత 660 పిక్సెల్స్. 4×6 ప్రింటుకే 1200×1800 కావాలి. మిగిలినవి వదిలెయ్.

ఈసారి వెళ్లేముందు ఫోన్‌లో స్లో మోషన్ 240 పెట్టి పైకప్పు లైట్లు తియ్యి. మినుకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పెద్ద హాళ్లలో లైట్లు మూడు ఫేజుల మీద పంచి ఉంటాయి. ఒకటి తగ్గేటప్పుడు పక్కది పెరుగుతుంది. రెండు మూడు దీపాల వెలుగు కలిసే నడి కోర్టులో మినుకు తక్కువ, గోడ పక్క కోర్టులో ఎక్కువ. కోర్టు ఎంచుకునే వీలుంటే అది చూసుకో. వైట్ బ్యాలెన్స్ గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) మీద 1/50లో కొలువు, 1/1000లో కొలిస్తే ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది. ఫైళ్లు జేపెగ్‌లో కాదు, రా (RAW) ఫార్మాట్‌లోనే తియ్యి.

న్యూజెర్సీ నుంచి
అమ్మకం గురించి: ఇక్కడ చాలామంది ముందే డబ్బు తీసుకుంటారు. ఎంట్రీ ఫారంతో పాటే ఫొటో ప్యాకేజీకి ఒక గడి. ఆట అయ్యాక అడిగితే ఎవరికీ ఉత్సాహం ఉండదు, ముఖ్యంగా ఓడిన పిల్లాడి నాన్నకి.

షటిల్ నాన్న
ఇది మాత్రం నిజం. ఒక్కో ఫొటో 150 అంటే బేరం మొదలవుతుంది. "మీ పిల్లాడి ఫొటోలన్నీ 500, ముందే కడితే 400" అనండి. రిజిస్ట్రేషన్ బల్ల మీద క్యూఆర్ కార్డు, పక్కన రెండు నమూనా ప్రింట్లు. ప్రతి మ్యాచ్ మొదటి ఫ్రేము అంపైర్ స్కోరు కాగితానిది తియ్యండి, పేర్లు అందులోనే ఉంటాయి. తర్వాత ఎవరు ఎవరో వెతుక్కునే పని ఉండదు. గ్రూపులో గుట్టగా పెట్టకండి. ఎవరి పిల్లాడివి వాళ్లకే, పొడవు 800 పిక్సెల్స్ దాటకుండా, వాటర్‌మార్కు మూలన కాకుండా ఛాతీ మీదుగా. డబ్బు పడ్డాక అసలు ఫైలుని వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే చిన్నదైపోయి "క్లారిటీ లేదు" అని తిడతారు.

చారలబాధితుడు
వాటర్‌మార్కు అలాగే వేశానండి. అయినా కొనలేదు. ఆర్గనైజర్‌కి ఇచ్చినవాటికి మాత్రం వేయలేదు.

బెజవాడ లెన్స్
ఆర్గనైజర్‌కి ఏమిచ్చావు?

చారలబాధితుడు
మామూలే కదన్నా. రెండు రోజులకి 8,000 ఇచ్చారు, మొత్తం ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో అడిగారు. వాళ్లు డ్రైవ్‌లో ఎక్కించి లింకు గ్రూపులో పెట్టారు.

బెజవాడ లెన్స్
ఉచితంగా ఉన్నదాన్ని 150కి అమ్ముతున్నావు. 11 మంది కొనడమే వింత.

ఓ ఆడిటర్
ఇక్కడ అసలు విషయం ఎవరూ పట్టించుకోలేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చూడండి. డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. 8,000 తీసుకున్నారు కాబట్టి మీరు తల్లిదండ్రులకు అమ్మడమే ప్రశ్నార్థకం. "కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే, ఆర్గనైజర్ ప్రచారానికి 20 ఫొటోలు వాడుకోవచ్చు" అని ఒక్క వాక్యం ముందే రాయించుకోవాల్సింది.

రెండోది, 2023 డేటా రక్షణ చట్టం. 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. పేరు, వయసు, ఫొటో కలిపి బహిరంగ లింకులో పెట్టడం ఇప్పుడే మానుకోండి. ఎంట్రీ ఫారంలోనే సమ్మతి గడి పెట్టించండి. మూడోది జీఎస్టీ. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్...

బెజవాడ లెన్స్
11 ఫొటోలకి జీఎస్టీనా సార్?

ఓ ఆడిటర్
పరిమితి తెలిసి ఉండటం మంచిదని చెప్పాను.

తేటతెలుగు
ఆడిటర్ గారూ, "హక్కుదారు" వేరు, "యజమాని" వేరు. చట్టంలో ఉన్నది రెండోది అనుకుంటా.

చారలబాధితుడు
పొద్దున హాలుకెళ్లి మెకానికల్‌లో, యాంటీ ఫ్లికర్‌తో తీసి చూశా. చారలు పోయాయి. కొన్నిట్లో పై సగం కొంచెం పసుపు, కింది సగం తెలుపు. ఇదేంటి మళ్లీ?

పాతరీలు
తెర పైనుంచి కిందికి రావడానికి కూడా 4 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మినుకులో ఆ కాస్త భాగమే కనిపిస్తోంది. ఒక గ్రేడియెంట్ మాస్కుతో పోతుంది. అన్నిట్లో ఒకే దిక్కున ఉంటే ఈసారి సింక్ కూడా పనిచేస్తుంది.

చారలబాధితుడు
ఓకే థ్యాంక్స్ అన్నా. ఆర్గనైజర్ ఫోన్ ఎత్తట్లేదు, లింకు ఇంకా తెరుచుకుంటోంది.

కబడ్డీ మ్యాట్
నాకూ ఇదే సమస్య, కానీ అవుట్‌డోర్, రాత్రి ఫ్లడ్‌లైట్లు, జనరేటర్ మీద. 1/100 పెట్టినా చారలు పోవట్లేదు. ఎందుకు?

బెజవాడ లెన్స్
ఏ కెమెరా, ఏ షటర్, ఏ లైట్లు. కొత్త పోస్టు పెట్టు.