అప్‌డేట్: పెట్టెలో హెన్రీ బ్రౌన్ కథతో మాటలు
బ్లాక్ హిస్టరీ (అమెరికాలోని నల్లజాతివాళ్ల చరిత్ర) బొమ్మల పుస్తకాలతో ఏడేళ్ల పాపకి కథ వరుసగా చెప్పడం ఎలా నేర్పాలని అడిగాను కదా. మీరన్నట్టే ఒక్క కథే పట్టుకున్నాం: 1849లో బానిసత్వం నుంచి తప్పించుకోవడానికి చెక్కపెట్టెలో కూర్చుని, రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకి పార్సిల్‌గా చేరిన హెన్రీ బ్రౌన్‌ది.

మొదటిసారి చదవకుండా బొమ్మలే చూపించాలి. 'లోపల', 'తలకిందులుగా', 'తప్పించుకోవడం' లాంటి మూడు నాలుగు మాటలు చాలు. అట్టపెట్టె, బొమ్మతో చేసి చూపిస్తే నిలుస్తాయి. ప్రశ్న మీద ప్రశ్న వేస్తే పరీక్షలా అయిపోయి పిల్లలు నోరు విప్పరు. ఒక ప్రశ్న, ఐదు సెకన్లు ఆగడం, అంతే. పాప 'పెట్టె' అంటే 'అవును, పెట్టెలో దాక్కున్నాడు' అని పెంచి చెప్పాలి. 'ఎందుకు' అన్నది రెండోసారి చదివాకే. బానిసత్వం గురించి ముందే సూటిగా చెప్పకపోతే మాత్రం దాగుడుమూతల ఆట అనుకుంటారు.