రైనియా మేజరా, అగ్లావోఫైటానా?

ప్రశ్న: కోఠిలో కొన్న పాత పాఠ్యపుస్తకంలో రైనియా మేజర్ అని ఉన్న మొక్కను మా మేడమ్ అగ్లావోఫైటాన్ అంటున్నారు. పరీక్షలో ఏది రాయమంటారు?

జవాబు: మేడమ్ గారి మాటే సరైనది. స్కాట్లాండులోని రైనీ చెర్ట్ శిలల్లో దొరికిన ఈ శిలాజ మొక్కకు 1920లో శాస్త్రవేత్తలు కిడ్‌స్టన్, లాంగ్ పెట్టిన పేరు రైనియా మేజర్. అయితే కాండం నడుమ నీటిని మోసే కణాల గోడల మీద దారుకణాలకు (నాళాలున్న మొక్కల్లో నీటిని మోసే కణాలకు) ఉండే మందపాటి పట్టీలు లేవనీ, అవి నాళాలు లేని చిన్న మొక్కలైన మాస్‌ల హైడ్రాయిడ్లను (వాటిలో నీటిని మోసే కణాలను) పోలి ఉన్నాయనీ చూపి, 1986లో డేవిడ్ ఎడ్వర్డ్స్ దీన్ని వేరే ప్రజాతిగా విడదీశారు.

మరో జవాబు: అలాగని మాస్ అని రాసేయకండి. దీని కాండం రెండేసిగా చీలుతూ కొనల్లో సిద్ధబీజాశయాలను (సిద్ధబీజాలు తయారయ్యే తిత్తులను) మోస్తుంది. మాస్ సిద్ధబీజదానికి (సిద్ధబీజాలను ఇచ్చే దశకు) కొమ్మలే ఉండవు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పుస్తకంలోని బొమ్మ కింద పేరు పెన్సిలుతో దిద్దుకున్నాను.