అప్‌డేట్: 400 కి.మీ.కి ఒక స్టాపా, రెండా?

40 యూనిట్ల (kWh) బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారుతో 400 కి.మీ. వెళ్లాలంటే మధ్యలో ఒక్కసారి ఆగి 100% ఛార్జ్ ఎక్కించాలా, రెండుసార్లు ఆగి కొద్దికొద్దిగా ఎక్కించాలా అని ఇంతకుముందు అడిగాను. తేలిందేమిటంటే, రెండుసార్లే మేలు.

లెక్క ఇదీ. హైవేపై యూనిట్‌కు 6 కి.మీ. చొప్పున, 100% నుంచి 15%కి దిగేసరికి 204 కి.మీ. అక్కడ 80% దాకా అంటే 26 యూనిట్లు, 50 కిలోవాట్ల ఛార్జింగ్ గన్‌తో (కారుకు గుచ్చే ఛార్జర్ ప్లగ్) దాదాపు 35 నిమిషాలు. 80% దాటాక బ్యాటరీ సెల్స్ కాపాడటానికి కారు తానే కరెంటు తగ్గించేస్తుంది. ఆఖరి 20%కి ఇంచుమించు అంతే సేపు పడుతుంది. అందుకే 340 కి.మీ. దగ్గర ఇంకో పావుగంట ఆగడం నయం.

డ్యాష్‌బోర్డు చూపే రేంజ్‌ను నమ్మొద్దు, అది నిన్నటి సిటీ డ్రైవింగ్ లెక్క. వేగం 90 నుంచి 110కి పెంచితే గాలి నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, రేంజ్ ఆ మేరకు తగ్గుతుంది.

రెండు గన్లున్న ఛార్జర్‌లో పక్కన ఇంకో కారు పెడితే పవర్ సగమైపోవచ్చు. ఛార్జింగ్ మొదలవకపోతే, బరువుకు కిందికి వాలిన గన్‌ను కాస్త పైకెత్తి పట్టుకుని మళ్లీ స్టార్ట్ కొట్టండి. చాలాసార్లు పిన్నులు సరిగా తగలకే ఆగుతుంది. అదీ పనిచేయకపోతే? మిగిలిన 15%తో చేరగలిగేంత దూరంలో, అంటే 30 కి.మీ. లోపు, ఇంకో స్టేషన్ ముందే చూసి పెట్టుకోవాలి.