వేగం తగ్గాక ఫార్వర్డ్ ఏం చేయాలి? ఛెత్రీని చూసినవాళ్ళు, ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు చెప్పండి

తొమ్మిదో నంబర్:
అన్నలందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్ళు. సికింద్రాబాద్‌లో ఒక డిపార్ట్‌మెంట్ జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడుతున్నా. రెండేళ్ళ కింద మోకాలికి దెబ్బ తగిలింది. కోలుకుని మళ్ళీ గ్రౌండ్‌లోకి వచ్చాను గానీ పాత పరుగు రాలేదు. ఇదివరకు నాలుగు అడుగుల్లో వదిలించుకునే డిఫెండర్ ఇప్పుడు నా భుజం పక్కనే ఉంటున్నాడు. మొన్న కోచ్ పక్కకు పిలిచి, "ముందు నువ్వొద్దు, ఎడమ పక్కకు జరిగి ఆడు, లేదంటే కుర్రాళ్ళకు దారివ్వు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన సికింద్రాబాద్‌లో పుట్టిన ఇండియా ఫార్వర్డ్ సునీల్ ఛెత్రీ 40 ఏళ్ళకు కూడా గోల్స్ కొట్టాడు కదా, అదెలా సాధ్యమైంది? దగ్గర నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఎల్బీ స్టేడియం పాత గ్యాలరీ:
తమ్మీ, 2008ల ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ అని ఆసియా దేశాల టోర్నీ మన హైదరాబాద్‌ల పెట్టిండ్రు. ఆగస్టు నెల, ఒకటే వాన. మయన్మార్‌తోని సెమీఫైనల్ చూసిన నేను. గ్రౌండ్ అంత బురద. మనోళ్ళు, వాళ్ళు ఉరుకుతుంటే కాళ్ళు జారుతున్నయి, బాల్ అడుగుకొక్కసారి ఆగిపోతున్నది. ఛెత్రీకి అప్పుడు 24 ఏళ్ళే, ఉరికే దమ్ము ఫుల్లుగ ఉండె. అయినా నాకు యాదికున్నది ఆయన ఉరుకుడు కాదు, ఆగుడు. అందరు బాల్ దిక్కు చూస్తుంటే ఆయన తల తిప్పి డిఫెండర్ కాళ్ళ దిక్కు చూస్తుండె. ఆ మ్యాచ్ 1-0తోని గెలిచినం, గోల్ ఆయనదే. వాన జెయ్యబట్టి ఫైనల్ ఢిల్లీకి మార్చిండ్రు. ఆడ తజికిస్తాన్ మీద 4-1, ఛెత్రీ హ్యాట్రిక్. ఆ గెలుపుతోనే 1984 తర్వాత మొదటిసారి ఆసియా కప్‌కు పోయినం. ఆ ఫైనల్ ఈడ చూడలేకపోయిన బాధ నాకు ఇంకా పోలే.

దోహాలో పదేళ్ళు:
పైన చెప్పిన ఆసియా కప్ 2011 జనవరిలో ఇక్కడ దోహాలోనే జరిగింది. డ్యూటీ మార్చుకుని మరీ వెళ్ళాను. ఆస్ట్రేలియాతో 0-4, బహ్రెయిన్‌తో 2-5, దక్షిణ కొరియాతో 1-4. మూడూ ఓడిపోయాం. కానీ బహ్రెయిన్ మీద ఒకటి, కొరియా మీద పెనాల్టీ ఒకటి, రెండు గోల్స్ ఛెత్రీవే. మ్యాచ్ మొత్తంలో మనవాళ్ళ కాళ్ళకు బాల్ దొరికిందే తక్కువ. నాలుగు గోల్స్ తిన్న జట్టులో ఫార్వర్డ్ ఎంత ఒంటరిగా ఉంటాడో ఆ రోజు కళ్ళారా చూశాను తమ్ముడూ. అయినా తలకాయ వేలాడేయలేదు.

కాకినాడ పాత స్ట్రైకర్:
నేను పదిహేనేళ్ళు ఆడాను, ఇప్పుడు స్కూలు పిల్లలకు నేర్పుతున్నాను. బాబూ, మీ కోచ్ గారి మాట నీకు అవమానంగా తోచింది గానీ, అందులో దారి కూడా ఉంది. బెంగళూరు ఎఫ్‌సీకి 2017-18 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్‌లో నడిమధ్య ఆడింది మికు అనే విదేశీ ఫార్వర్డ్. ఛెత్రీ ఎక్కువగా ఎడమ పక్కన ఉండేవాడు. మికు 15, ఛెత్రీ 14 గోల్స్ కొట్టారు. పక్కకు జరిగినంత మాత్రాన గోల్స్ తగ్గలేదు.

ఇక అసలు సంగతి. ఆయన ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలే. అయినా తలతో అన్ని గోల్స్ ఎలా వచ్చాయి? క్రాస్, అంటే పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బాల్, పడే ముందు రెండు అడుగులు వెనక్కి వేసి డిఫెండర్ వీపు చాటుకు వెళ్తాడు. డిఫెండర్ ఒకేసారి బాల్‌నీ మనిషినీ చూడలేడు. వాడు బాల్ మీద కన్ను వేసిన ఆ క్షణంలో ఛెత్రీ వాడి ముందుకు వచ్చేస్తాడు. అక్కడ కావాల్సింది ముప్పై గజాల పరుగు కాదు, మూడు అడుగులు. ఆ మూడు అడుగులు ఎప్పుడు వేయాలన్నదే విద్య. నా మట్టుకు నాకు ఇది 33 ఏళ్ళకు అర్థమైంది, అప్పటికి ఆట చివరికొచ్చేసింది. నీకు ఇంకా టైముంది.

మా పిల్లలతో ఇలా చేయిస్తాను. పెనాల్టీ బాక్స్‌లో ఒక రాయి పెట్టి, అదే డిఫెండర్ అనుకోమంటాను. క్రాస్ వేసేవాడి కాలు వెనక్కి వెళ్ళేదాకా రాయి వెనకే ఉండాలి, కాలు ముందుకు కదలగానే రాయి ముందుకు రావాలి. రోజుకు నలభై సార్లు. పదో రోజుకు ఒళ్ళు దానంతట అదే కదులుతుంది.

కంఠీరవ ఈస్ట్ స్టాండ్:
బెంగళూరు నుంచి రాస్తున్నా. ఛెత్రీకి ఎదురుదెబ్బలు తగల్లేదనుకోవద్దు. ఇంగ్లండ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్ తీసుకుంటామంటే 2009లో వర్క్ పర్మిట్ రాలేదు, మన ఫిఫా ర్యాంకు చాలదన్నారు. 2010లో అమెరికాలో కాన్సాస్ సిటీ క్లబ్‌కు వెళ్తే ఆడే అవకాశం దాదాపు దొరకలేదు. పోర్చుగల్‌లో స్పోర్టింగ్ బి జట్టుకు ఆడింది 3 మ్యాచ్‌లు. అంటే 28 ఏళ్ళకు, సరిగ్గా నీ వయసుకే, బయట బెంచ్ మీద కూర్చుని 2013లో తిరిగొచ్చాడు. బెంగళూరులో చేరిన మొదటి సీజన్‌లోనే అప్పట్లో దేశంలో పెద్ద లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచాం.

40 ఏళ్ళ సంగతి అడిగావు కదా. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్ మ్యాచ్‌తో దేశానికి ఆడటం ఆపేశాడు, అప్పటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. మళ్ళీ 2025 మార్చిలో పిలిస్తే వచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద తలతో కొట్టాడు. ఆ ఐఎస్‌ఎల్ సీజన్‌లో 14 గోల్స్. కొన్ని మ్యాచ్‌లకు బెంచ్ నుంచే వచ్చాడు, దానికేం నామోషీ పడలేదు. గోవాతో సెమీఫైనల్ రెండో మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో క్రాస్ వచ్చింది, మళ్ళీ తలే. ఫైనల్‌కు వెళ్ళిపోయాం. కాకినాడ అన్న చెప్పిన మూడు అడుగులే అక్కడా.

అమ్ముగూడ మనవడు:
ఒక్కమాట. మా పేటలో పెద్దవాళ్ళు ఛెత్రీ కంటే ముందు తులసీదాస్ బలరాం పేరు చెప్తారు. అమ్ముగూడ కుర్రాడు, అప్పటి ఇండియా కోచ్ రహీం సాబ్ చేయి పట్టి పైకి తెచ్చిన ఫార్వర్డ్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. ఇంకా పదేళ్ళు ఆడేవాడని మా తాత తలుచుకున్నప్పుడల్లా గొంతు పట్టేసేది. అందుకే అడుగుతున్నా తమ్ముడూ, మోకాలు మళ్ళీ డాక్టర్‌కు చూపించావా? తొడ కండ రెండు కాళ్ళకూ సమానంగా ఉందా? అది తేలకుండా ఏ ప్రాక్టీసూ మొదలుపెట్టకు.

తొమ్మిదో నంబర్:
అందరికీ దండాలు. ఫిజియో దగ్గర ఇవాళే కొలిపించుకున్నా. కుడి తొడ ఎడమదాని కంటే సన్నగా ఉందట, ఆరు వారాలు బలం పెంచే వ్యాయామాలు రాసిచ్చారు. కోచ్‌తో కూడా మాట్లాడా. ఎడమ పక్కన ఆడతానని చెప్పా. కాకినాడ అన్నా, క్రాస్ వేసేవాడు కుడి కాలివాడైతే, బాల్ లోపలికి తిరుగుతూ వస్తే, రాయి ముందుకు ఎప్పుడు రావాలి?

కాకినాడ పాత స్ట్రైకర్:
అప్పుడు అర క్షణం ఆగి రావాలి బాబూ. లోపలికి తిరిగే బాల్ గోల్‌కీపర్ మీదికి వెళ్తుంది, తొందరపడితే బాల్ నీ వెనక పడుతుంది. ముందు ఆరు వారాలు కానీ. తర్వాత ఒక క్రాస్ వీడియో తీసి పెట్టు, చూసి చెప్తాను.