క్రిస్మస్ నాటకం: సోలుసి కథలో దూత ఉండాలా?

అందరికీ వందనాలు. జాంబియా రాజధాని లుసాకాలో మన తెలుగు కుటుంబాల క్రిస్మస్‌కు ఈసారి పిల్లల నాటకం, స్క్రిప్ట్ నాది. కథ ఆఫ్రికాలో సోలుసి మిషన్‌లో పనిచేసిన తొలితరం అడ్వెంటిస్ట్ (శనివారాన్ని సబ్బాతుగా పాటించే క్రైస్తవులు) మిషనరీల మీద. దేవదూత ఘట్టం పెట్టమని చాలామంది అడిగారు. రాత్రి దాడికి వచ్చినవాళ్లకు మిషన్ ఇంటి చుట్టూ మెరిసే బట్టల్లో కావలివాళ్లు కనబడ్డారనే కథ. కానీ అది జాన్ ప్యాటన్ పేరుతో చెప్పేది. ఆయన ప్రెస్బిటేరియన్, పనిచేసింది పసిఫిక్ దీవుల్లో. దాన్ని తెచ్చి సోలుసికి అంటించడానికి నాకు మనసొప్పడం లేదు.

సోలుసిలో జరిగిందే చాలా ఉంది. 1894లో ఇప్పటి జింబాబ్వేలో బులవాయో దగ్గర మిషన్ పెట్టారు. 1896లో తెల్లవాళ్ల పాలన మీద అక్కడి ఎన్దెబెలె ప్రజల తిరుగుబాటు, తర్వాత కరువు. దిక్కులేని పిల్లల్ని చేరదీశారు. 1898లో మలేరియా వచ్చింది. మిషన్ డాక్టర్ కార్మైకేల్ పోయారు, మిషన్ పెద్ద ట్రిప్ గారు పోయారు, కొన్ని వారాలకే ఆయన కొడుకూ పోయాడు. ఆ ఇంట్లో ఎంత ప్రార్థన జరిగి ఉంటుందో! జ్వరం ఆగలేదు. అయినా అక్కడే పనిచేస్తున్న మిషనరీలు ఆండర్సన్ దంపతులు ఆఫ్రికా వదల్లేదు. 1905లో జాంబెజి నది దాటి ఇక్కడే జాంబియాలో, మన మోంజే దగ్గర రుసంగు మిషన్ మొదలుపెట్టారు. బడి కట్టకముందే అక్కడి టోంగా తెగ పిల్లలు చదువుకుంటామని వచ్చేశారు. మూడేళ్లకు నోరా ఆండర్సన్ కూడా జ్వరంతోనే పోయారు. రాసేటప్పుడు ఇక్కడ ఆగిపోయాను.

పెద్దలలో ఒకరు: అమ్మా, దూతలు లేరని పిల్లలు అనుకోకూడదు. యెహోవా దూత తన భక్తుల చుట్టూ కావలి ఉంటాడని చెప్పే 34వ కీర్తన చదవందే మా అమ్మ మమ్మల్ని పడుకోనిచ్చేది కాదు.

స్క్రిప్ట్: లేరని ఎక్కడా రాయను అంకుల్. కనబడకపోయినా ఆ దంపతులు నమ్మారు, అది పిల్లలకు తెలియాలి. 34వ కీర్తన ట్రిప్ గారి సమాధి దగ్గర చదివిద్దాం. మీరే చదువుతారా?

పెద్దలలో ఒకరు: తప్పకుండా చదువుతానమ్మా.

బట్టల బాధ్యత: అక్కా, రెక్కలు కుట్టించేశాను, పాప రోజూ వేసుకుని చూసుకుంటోంది.

స్క్రిప్ట్: అయ్యో, వద్దనకు. మొదట్లో గొర్రెల కాపరుల ఘట్టం ఉందిగా, దూత అక్కడ పాపే.

వంట: పులిహోర, గుత్తివంకాయ, పాయసం మావి. నూట ఇరవై మందికి. పెద్ద గిన్నెలు ఎవరి దగ్గరున్నాయి?

స్క్రిప్ట్: రిహార్సల్ శనివారం, సూర్యాస్తమయం తర్వాతే. ఆండర్సన్ గారి వేషానికి పొడుగు అబ్బాయి ఇంకా దొరకలేదు, దయచేసి మీ పిల్లల్ని అడగండి.