మొదట్లో కలిసిన శబ్దం చివరికి ఎందుకు తప్పుతోంది?

బెంగళూరు మల్లేశ్వరంలో మా బంధువులు ఏర్పాటు చేసిన హరికథను ఒక కెమెరాతోనూ ఒక ఫోనుతోనూ చిత్రీకరించి, శబ్దాన్ని విడిగా రికార్డరులో నమోదు చేశాను. మొదట కొట్టిన చప్పట్ల దగ్గర మూడింటినీ సరిగ్గా కలిపినా, 50 నిమిషాలు గడిచేసరికి రికార్డరు శబ్దం సెకనుకు 25 ఫ్రేముల కెమెరా దృశ్యం కంటే 6 ఫ్రేములు వెనకబడుతోంది. చిడతలు మోగే చోట ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. నమూనా రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) పరంగా రికార్డరు 44.1, కెమెరా 48 కిలోహెర్ట్జ్‌లో ఉన్న మాట నిజమే గానీ, ఆ తేడాయే కారణమైతే శబ్దం నిమిషాల కొద్దీ తప్పాలి కదా! అందువల్ల పరికరాల లోపలి గడియారాల వేగంలోని సూక్ష్మభేదాన్నే అనుమానిస్తున్నాను. రికార్డరు శబ్దాన్ని 99.992 శాతానికి కుదిస్తే హరిదాసు గారి శ్రుతి చెడుతుందా, లేక కీర్తనకూ వచనానికీ మధ్య విరామంలో కోసి జరపడమే మేలా? ఫోను ఫ్రేము రేటు నిలకడగా లేదు కాబట్టి, దాన్ని ముందే స్థిరమైన రేటుకు మార్చుకోవాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.