లేక్ మిషిగన్ పక్కన 6బీ, కుంట పక్కన 6ఏ: నీళ్లు దగ్గరుంటే చలి ఎంత తగ్గుతుంది?

పెరటిపాదు

మిషిగన్‌లో రెండు ఇళ్లు చూస్తున్నాం. ఒకటి సౌత్ హేవెన్‌లో, లేక్ మిషిగన్ ఒడ్డుకి రెండు మైళ్ల లోపే. ఏ చోట ఎంత చలి పడుతుందో, ఏ మొక్క తట్టుకుంటుందో చూపే అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) మ్యాప్‌లో జోన్ 6బీ అని ఉంది. రెండోది లాన్సింగ్ పక్కన, 6ఏ. దాని పెరడు వాలుగా దిగి అర ఎకరం కుంటలో కలుస్తుంది. నీళ్లు పక్కనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ కూడా 6బీ మొక్కలు బతుకుతాయని అమ్మేవాళ్ల మాట. సరస్సుకీ కుంటకీ ఒకటే లెక్కా? అంజూర, దానిమ్మ, కరివేపాకు నేలలో పెట్టాలని ఉంది. ఏది ఎక్కడ నిలుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

గాలివాటం

ముందు ఆ నంబరు సంగతి చూద్దామండి. 2023 మ్యాప్‌కి ఆధారం 1991 నుంచి 2020 దాకా ఏటా చలికాలంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు. 6బీ అంటే ఆ సగటు మైనస్ 5 నుంచి 0 ఫారెన్‌హీట్ మధ్య, అంటే సుమారు మైనస్ 20.6 నుంచి మైనస్ 17.8 సెల్సియస్. 6ఏ దానికి ఇంకో 5 ఫారెన్‌హీట్ కింద. సగటు కాబట్టి దాదాపు సగం ఏళ్లు అంతకన్నా కిందికే దిగుతాయి. చెట్టుని చంపేది ఆ ఏళ్లలో వచ్చే ఒకటి రెండు రాత్రులే.

ఇక నీటి సంగతి. ఒక ఘనపు మీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే, అందులోంచి వచ్చే వేడి మూడు వేల ఘనపు మీటర్లకు పైగా గాలిని ఒక డిగ్రీ వేడి చేస్తుంది. లేక్ మిషిగన్ సగటు లోతు 85 మీటర్లు. ఎండాకాలంలో దాచుకున్న వేడి జనవరి దాకా వస్తూనే ఉంటుంది.

కానీ ఆ వేడిని మీ పెరట్లోకి మోసుకురావాల్సింది గాలి. అక్కడ గడ్డు చలి పడమర నుంచో వాయవ్యం నుంచో వస్తుంది. సౌత్ హేవెన్ చేరేలోపు ఆ గాలి దాదాపు 80 మైళ్లు నీటి మీదుగా నడిచి వేడెక్కుతుంది. దారిలో తేమ పట్టి మబ్బులు కూడా కమ్ముతాయి, రాత్రి నేల వేడి పైకి పోకుండా అవి కప్పి ఉంచుతాయి. అదే సరస్సు అవతలి ఒడ్డున చికాగో ఉంది. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది. ఆ రోజు గాలి నేల మీదుగా వచ్చింది. సరస్సు పక్కనే ఉన్నా ఊరికి పనికిరాలేదు.

దేశం రెండు చివరలా ఇదే కనిపిస్తుంది. పడమటి తీరంలోని సియాటిల్ తూర్పు తీరంలోని బోస్టన్ కన్నా ఎంతో ఉత్తరాన ఉంది. అయినా సియాటిల్ 8బీ, 9ఏ ప్రాంతం, బోస్టన్ 7ఏ చుట్టూనే. రెంటికీ సముద్రం ఉంది, చలికాలపు గాలి సముద్రం మీంచి వచ్చేది మాత్రం సియాటిల్‌కే.

కుంటగట్టు

కుంట గురించి అమ్మేవాళ్లు చెప్పింది నమ్మకండి. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 సెల్సియస్ దగ్గర. పైన చల్లబడ్డ నీరు కిందికి దిగుతూ, కుంట మొత్తం 4 డిగ్రీలకు వచ్చాకే పైపొర గడ్డకట్టడం మొదలవుతుంది. ఎనిమిది పదడుగుల లోతు కుంట ఆ స్థితికి తొందరగా వచ్చేస్తుంది. ఒకసారి ఐసు కట్టి దాని మీద మంచు పేరుకుంటే, అడుగున ఉన్న వేడి బయటికి రాదు. ఏడాదిలో అతి చల్లని రాత్రి మామూలుగా జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది. అప్పటికి మీ కుంటకి మూత పడి ఉంటుంది. కాబట్టి జోన్ మారదు. శరదృతువులో మొదటి గడ్డకట్టే చలి ఒడ్డున కొద్ది రోజులు ఆలస్యమైతే అదే దక్కుదల.

పైగా మీ పెరడు వాలుగా ఉందన్నారు. గాలి లేని, మబ్బు లేని రాత్రి చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. అలాంటి రాత్రి వాలు పైభాగానికీ అడుగుకీ 5 నుంచి 10 ఫారెన్‌హీట్ తేడా రావచ్చు, అంటే ఒక జోన్ దాకా. అంజూరని కుంట గట్టున పెడితే పెరట్లో అతి చల్లని చోట పెట్టినట్టే. వాలుకి అడ్డంగా సందుల్లేని చెక్క కంచె కూడా వేయకండి, చలిగాలి దాని వెనక మడుగు కడుతుంది. ఉన్న కంచె తీయలేకపోతే కింద ఒక అడుగు ఖాళీ వదలండి. గ్రాండ్ ర్యాపిడ్స్ వాయవ్యాన ఫ్రూట్ రిడ్జ్‌లో ఆపిల్ తోటలు ఎత్తు మీద ఎందుకున్నాయో ఆలోచించండి. సరస్సు అక్కడికి పాతిక మైళ్ల దాకా ఉంటుంది, మిగతా సాయం ఆ వాలుదే.

మ్యాప్ గడి సుమారు అర మైలు. పెరట్లోని ఎత్తుపల్లాలు దానికి తెలియవు. మినిమం–మాక్సిమం చూపే థర్మామీటర్లు రెండు కొని, ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో, నేలకి అయిదడుగుల పైన, ఎండ తగలకుండా బిగించండి. గోడకి ఆనిస్తే ఇంటి వేడి చూపిస్తుంది, ఆ లెక్క దండగ.

పెరటిపాదు

అంటే సౌత్ హేవెన్ ఖాయం. అక్కడ మూడూ నేలలో పెట్టేయొచ్చా? సరస్సు గడ్డకట్టదు కదా?

అంజూరకొమ్మ

కరివేపాకు వద్దండి. గడ్డకట్టే చలి దానికి చావే, ఏ సరస్సూ ఆదుకోలేదు. కుండీలోనే పెంచి, రాత్రి ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్‌కి రాగానే లోపలికి తెచ్చుకోండి. తెచ్చేముందు ఆకు వెనక, కాడల మీద పొలుసు పురుగు ఉందేమో చూసి తుడవండి. లోపల చలికాలంలో ఆకు రాలిందంటే చాలామంది ఇంకా నీళ్లు పోస్తారు, వేరు కుళ్లేది దానివల్లే. వేలు రెండంగుళాలు దించితే పొడిగా తగిలినప్పుడే పోయండి.

దానిమ్మ కూడా కుండీలోనే. చలికి గట్టిదని పేరున్న సలవత్స్కీ లాంటి రకాలు కూడా జోన్ 7 మొక్కలే.

అంజూర మాత్రం పెట్టొచ్చు, కప్పగలిగితే. దాని కొమ్మలు 10–15 ఫారెన్‌హీట్ దగ్గరే చచ్చిపోవడం మొదలవుతుంది, 6బీ దానికన్నా చాలా కింద. చికాగో హార్డీ రకం తీసుకోండి. పైన చచ్చినా వేరు నుంచి లేచి, ఆ ఏడు వేసిన కొత్త కొమ్మకే కాస్తుంది. ఇంటి దక్షిణపు గోడ పక్కన నాటండి. జూలై తర్వాత నత్రజని ఎరువు ఆపేయండి, లేకపోతే కొమ్మ ముదరకుండానే చలి వచ్చేస్తుంది.

ఆకు మొత్తం రాలాక కొమ్మలు దగ్గరికి కట్టి, చుట్టూ మూడడుగుల వ్యాసంతో కోళ్ల వల నిలబెట్టండి. అడుగున పావు అంగుళం కంతల ఇనుప జాలీ చుట్టి, రెండు మూడు అంగుళాలు మట్టిలోకి దింపండి. ఇది మానేస్తే మంచు కింద ఎలుకలు బెరడు చుట్టూ కొరికేస్తాయి, వసంతంలో చూస్తే చెట్టు నిలువునా ఎండి ఉంటుంది. లోపల ఎండు ఓక్ ఆకులు కూరి, పైన వాన దిగకుండా మూత పెట్టండి. ఆకులు తడిస్తే వెచ్చదనం పోయి కొమ్మ కుళ్లుతుంది. ప్లాస్టిక్ పట్టా కొమ్మకి తగలనీయకండి. విప్పేది ఏప్రిల్ చివర్లో, మబ్బు పట్టిన రోజు చూసి, రెండు మూడు విడతల్లో.

గాలివాటం

సరస్సు గడ్డకట్టదనుకోకండి. లేక్ మిషిగన్ పూర్తిగా గడ్డకట్టడం అరుదే కానీ 2014 మార్చిలో 90 శాతం పైగా ఐసు కప్పేసింది. అలాంటి ఏడాది కుంటకి జరిగిందే సరస్సుకీ జరుగుతుంది. లేక్ ఈరీ సగటు లోతు 19 మీటర్లే కనక చాలా ఏళ్లు ఎక్కువ భాగం మూసుకుపోతుంది. ఇంకొకటి, గాలి తూర్పుకి తిరిగితే తీరానికి సరస్సు సాయం ఉండదు. కాబట్టి 6బీ ఉన్నా మొక్కని 5బీకి సరిపడేది ఎంచుకుంటే నష్టం తగ్గుతుంది.

పీచ్, చెర్రీ పెడితే ఆ ఊరి అసలు లాభం వసంతంలో తెలుస్తుంది. చల్లటి సరస్సు గాలి మొగ్గ విచ్చుకోవడాన్ని వెనక్కి నెడుతుంది, ఏప్రిల్‌లో గడ్డకట్టే చలి పోయాకే పువ్వు వస్తుంది. 2012లో అది కూడా తప్పింది. మార్చిలో వారం పైగా ఎండాకాలంలా కాసింది, మొగ్గలన్నీ లేచాయి, ఏప్రిల్‌లో వరసగా గడ్డకట్టే చలి రాత్రులు వచ్చి మిషిగన్ ఆపిల్ పంటలో సుమారు 90 శాతం పోయింది. పీచ్‌కి దక్షిణపు గోడ పక్క వద్దు, అక్కడ మొగ్గ ఇంకా ముందే లేస్తుంది. ఉత్తరపు వాలులో, పల్లం కాని చోట నాటండి. గోడ పక్కన చోటు అంజూరకి ఉంచండి.